జపాను లిపిలో ప్రొద్దు

జపాను సాహిత్యం మనకు బొత్తిగా కొత్తది కాదు. రవీంద్రుడు 1916లో ఆ దేశం వెళ్ళి, 1919లో వెలువడిన 'జపాన్ యాత్రి'లో బషో కప్ప కవితను వంగభాషలో వినిపించిన నాటినుంచి భారతీయ భాషలకు హైకూతో పరిచయం ఉన్నది. తెలుగులో ఇస్మాయిల్ వంటి కవులు ఆ రూపాన్ని వింత వస్తువుగా గాక, తమ చూపుకు తగిన పాత్రగా సాధన చేశారు. అయినా ఈ పరిచయంలో అధికభాగం ఇంగ్లీషు ద్వారా కలిగినదే. మధ్యవర్తి నిజాయితీపరుడే కావచ్చు. కాని అతని తూనికరాళ్ళు అతనివి. అతని తక్కెడలో తూగని సరుకు మన అంగడికి చేరదు. చేరలేదని మనకు తెలియను కూడా తెలియదు.

ఈ వ్యాసంలో తలపెట్టిన పని చిన్నది. జపాను పిల్లలు బడిలో మొదటి ఏట నేర్చే 80 చీనా అక్షరాలలో ఒకదానిని తీసుకొని, అది నిత్యవ్యవహారంలో ఎన్ని పనులు చేస్తున్నదో చూచి, దానివల్ల తెలుగు అనువాదకునికి కలిగే లాభమేమిటో విచారించడం. ఆ అక్షరం సూర్యునికి, దినానికి కూడా గుర్తు. ఇటువంటి అక్షరాలను జపానీయులు 'కంజి' అంటారు. నిత్యవ్యవహారానికి ప్రమాణంగా ఆ దేశ ప్రభుత్వం 2010లో సవరించి ప్రకటించిన పట్టికలో ఇవి 2136 ఉన్నాయి. అన్నింటినీ నేర్చుకొమ్మని ఎవరినీ అడగడం లేదు. ఒక్కటి చాలు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టిచూస్తే చాలదా?

ముందు ఆకారం. నిలువుగా నిలబెట్టిన దీర్ఘచతురస్రం, నడుమ ఒక అడ్డగీత. నాలుగు గీతలలో ముగుస్తుంది. మొదట ఎడమవైపు నిలువుగీత. తరువాత పైగీత, కలం ఎత్తకుండానే మలుపు తిరిగి కుడివైపు దిగుతుంది. పిమ్మట నడిమి గీత. చివరకు అడుగుగీత తలుపు మూసినట్లు మూసివేస్తుంది. ఈ క్రమాన్ని తప్పనివ్వరు. లోపల మరొక గీత చేరిస్తే అది 'కన్ను' అవుతుంది. నెత్తిన చిన్న గీటు పెడితే 'తెలుపు' అవుతుంది. అడుగున విడిగా ఒక అడ్డగీత గీస్తే 'తెల్లవారుట' అవుతుంది. సంవత్సరాది ఉదయానికి చెప్పే 'గన్‌తన్' అనే మాటలో ఉన్నది అదే. మూడువేల ఏళ్ళ క్రిందట చీనాలో ఎముకలమీదా తాబేటి చిప్పలమీదా చెక్కిన లిపిలో ఇది నడుమ చుక్క గల వలయం. గట్టి ఎముకమీద కొనతో వలయం తిప్పడం కష్టం. అందుచేత వలయం కోణాలు దేరింది. తాటాకుమీద గంటం చిరగకుండా నడవడానికి మన అక్షరాలు గుండ్రనైనాయని చెప్పే మాట అందరూ విన్నదే. అక్కడ ఎముక గుండ్రనిదాన్ని పలకలు చేస్తే, ఇక్కడ ఆకు పలకలను గుండ్రన చేసింది. లిపికి అందం చెప్పేవారు ముందు దాని క్రింద ఉన్న వస్తువును చూడవలె.

ఇక ధ్వని. చదువరి తికమక పడేది ఇక్కడ. ఒకే గుర్తును 'నిచి' అని, 'జిత్సు' అని, 'హి' అని, 'క' అని పలుకుతారు. సమాసంలో 'హి' కాస్తా 'బి' అవుతుంది. దినపత్రిక పేరైన 'మైనిచి'లో అది నిచి. సెలవుదినానికి చెప్పే 'క్యూజిత్సు'లో జిత్సు. సూర్యోదయానికి చెప్పే 'హినొదె'లో హి. పుట్టినరోజుకు చెప్పే 'తంజోబి'లో బి. నెలలో మూడవ తేదీకి చెప్పే 'మిక్క'లో క. ఇది అక్షరమా, ఇంద్రజాలమా అనిపిస్తుంది. కాని మనమూ ఇటువంటి పని నిత్యం చేస్తూనే ఉన్నాము. '2' అనే అంకెను చూడండి. ఆ గుర్తును తెలుగువాడు 'రెండు' అంటాడు, హిందీవాడు 'దో' అంటాడు, పురోహితుడు పంచాంగంలో చూచి 'విదియ' అంటాడు, పండితుడు 'ద్వితీయ' అంటాడు. గుర్తు మారలేదు, భావం మారలేదు, మారినది పలుకు. జపానులో అంకెలకే కాక మాటలకూ ఈ ఏర్పాటు ఉన్నది.

మన వ్యాకరణ పరిభాషలో చెబితే విషయం మరింత తేటపడుతుంది. హి, క అన్నవి ఆ భాషకు దేశ్యాలు. నిచి, జిత్సు అన్నవి చీనానుంచి వచ్చినవి, మనకు సంస్కృతంనుంచి తత్సమాలు వచ్చినట్లు. ఆ రెండింటిలోనూ నిచి ముందు వచ్చినది, జిత్సు టాంగు రాజధాని ఉచ్చారణ ననుసరించి తరువాత వచ్చినది. ఒకే మూలశబ్దం రెండు కాలాలలో రెండు వేషాలతో వచ్చి, రెండూ నిలిచిపోయినాయి. మనకు పున్నమ, పూర్ణిమ రెండూ నిలవలేదా? తేడా ఒక్కటే. మనము ప్రొద్దు, దినము, నాడు అనే మూడు మాటలను మూడు విధాల వ్రాస్తాము. 'దినపత్రిక'లోని దినానికి, 'ఆనాడు'లోని నాటికి, 'ప్రొద్దుగూకింది'లోని ప్రొద్దుకు ఒకే గుర్తు వ్రాసి, పక్కనున్న మాటనుబట్టి చదువుకొమ్మంటే ఎట్లా ఉంటుందో, జపాను లిపి అట్లా ఉంటుంది. పిల్లలు దీనిని సూత్రాలతో నేర్వరు; సహవాసంతో నేరుస్తారు.

ఈ సహవాసానికి మంచి ఉదాహరణ ఆదివారానికి వారు చెప్పే మాట: 'నిచియోబి'. మూడు అక్షరాల ఈ మాటలో మన అక్షరం మొదటా ఉన్నది, చివరా ఉన్నది. మొదట నిచి, అర్థం సూర్యుడు. చివర బి, అర్థం దినం. నడుమనున్న 'యో'కు గ్రహజ్యోతి అని అర్థం. ఒకే గుర్తు ఒకే మాటలో రెండు ధ్వనులతో రెండు అర్థాలను మోస్తున్నది. జపానువాడు దీనిని చదవడానికి రెప్పపాటు కూడా తడుముకోడు.

ఈ మాట వెనుక మన దేశానికి సంబంధించిన చరిత్ర ఒకటి ఉన్నది. ఎనిమిదవ శతాబ్దంలో చీనాలో పనిచేసిన బౌద్ధాచార్యుడు అమోఘవజ్రుడు నక్షత్రాలను, వారాలను గూర్చిన శాస్త్రగ్రంథాన్ని చీనాభాషలో వెలయించాడు. అందులో ఏడు వారాల పేర్లు భారతీయ, పారసీక, సోగ్డియన్ భాషలలో ఇచ్చి ఉన్నాయి. జపాను బౌద్ధాచార్యుడు కూకై చీనాలో చదువు ముగించి 806లో తిరిగి వచ్చినప్పుడు ఆ గ్రంథాన్ని తెచ్చాడు. పదకొండవ శతాబ్దపు ఆరంభంలో ఫుజివారా నో మిచినాగా తన దినచర్య వ్రాసుకొన్న పంచాంగపు కాగితాలమీద ఈ వారాల గుర్తులు కనబడతాయి. అయితే అవి ముహూర్తాల కోసమే. జనం వారాల లెక్కన బ్రతకడం జపాను 1873లో పాశ్చాత్య పంచాంగాన్ని చేపట్టిన తరువాతి సంగతి. ఆదివారం సర్కారు కచేరీలకు సెలవు అయినది 1876లో. అప్పుడు కొత్త పంచాంగానికి పాత పేర్లు అక్కరకు వచ్చాయి. వారి మంగళవారం అగ్నిగ్రహానిది, బుధవారం జలగ్రహానిది, గురువారం కాష్ఠగ్రహానిది, శుక్రవారం లోహగ్రహానిది, శనివారం భూగ్రహానిది. గ్రహాల పేర్లు చీనావి. వరస మన పంచాంగంలోనిదే. సోమవారం నాడు హైదరాబాదులోనూ టోకియోలోనూ ఉద్యోగి చంద్రుని పేరు చెప్పుకొనే కచేరీకి పోతున్నాడు.

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని ఎదుర్కోవలసి ఉన్నది. ఈ లిపి చిత్రలిపి అనీ, చదివేవాని కంటికి ప్రతి అక్షరంలోనూ బొమ్మ కనబడుతుందనీ, కాబట్టి ఆ భాషలో పుట్టిన కవిత్వం స్వభావసిద్ధంగానే చిత్రమయమనీ ఒక వాదం పాశ్చాత్య సాహిత్యంలో బలంగా నాటుకొన్నది. ఫెనొలోసా వ్రాసి ఉంచిన వ్యాసాన్ని అతని మరణానంతరం ఎజ్రా పౌండ్ 1919లో ప్రకటించడంతో ఈ వాదానికి ప్రతిష్ఠ కలిగింది. ఆధునిక ఇంగ్లీషు కవిత్వానికి అది మేలు చేసి ఉండవచ్చు. మన విమర్శకులు కొందరు దానినే జపాను కవిత్వానికి లక్షణంగా గ్రహించడం మాత్రం ప్రమాదం.

ఆ వాదానికి ప్రియమైన ఉదాహరణ 'తూర్పు' అనే అక్షరం. చెట్టు అనే గుర్తులో మన సూర్యుని గుర్తు ఇమిడినట్లు కనబడుతుంది. కొమ్మల నడుమ చిక్కిన ప్రొద్దు, కాబట్టి తూర్పు! చెప్పుకోవడానికి ఎంత సొంపు! క్రీస్తుశకం 100 ప్రాంతంలో చీనాలో షూ షెన్ కూర్చిన నిఘంటువూ ఈ వ్యుత్పత్తినే చెప్పింది. కాని ఎముకలమీది పాత రూపాలు బయటపడిన తరువాత పండితులు దానిని రెండుకొసలా కట్టిన మూటగా గుర్తించారు. ధ్వని కలిసినందువల్ల మూట బొమ్మను తూర్పుకు ఎరువు తెచ్చుకొన్నారు. 'కాలము' అనే అక్షరం సంగతీ ఇంతే. అందులో ఎడమవైపు సూర్యుడున్నాడు, కుడివైపు దేవాలయం ఉన్నది. దేవాలయపు గంట ప్రొద్దు తెలుపుతుంది గనుక కాలమని కవిత్వం చెప్పవచ్చు. నిజానికి దేవాలయపు గుర్తు అక్కడ పలుకును సూచించడానికే ఉన్నది. చీనా అక్షరాలలో అధికసంఖ్యాకం ఇట్లా అర్థానికి ఒక ముక్క, ధ్వనికి ఒక ముక్క కలిపి కుట్టినవే.

పోనీ, నిజంగా బొమ్మనుంచే పుట్టిన మన అక్షరంలోనైనా పాఠకునికి సూర్యుడు కనబడుతున్నాడా? ఆదివారం అన్నప్పుడల్లా మనకు ఆదిత్యుడు కనబడుతున్నాడా? 'రైనిచి' అని పత్రికలో పడితే జపానువాడు 'జపాను దేశానికి రావడం' అని చదువుకొంటాడు. వస్తున్న సూర్యుడు అతని ఊహలోకి రాడు. దేశం పేరైన 'నిహొన్' లేక 'నిప్పొన్' అన్న మాటలో మొదటి అక్షరమిదే. రెండవదానికి మూలమని అర్థం. సూర్యునికి మూలస్థానమైన దేశం. ఇక్కడ కూడా ఒక విశేషమున్నది. ఏ దేశమూ తనకు తాను తూర్పున ఉండదు. చీనావైపునుంచి చూచినవానికే అది ప్రొద్దుపొడుపు దేశం. ఏడవ శతాబ్దం చివర, ఎనిమిదవ శతాబ్దం మొదట ఆ రాజ్యం పొరుగువాడు పెట్టిన పాతపేరును వదిలి, గౌరవప్రదమైన ఈ పేరును తెచ్చుకొన్నది. అయినా చూపు మాత్రం పొరుగువానిదే. ఇన్ని శతాబ్దాల వాడుకలో ఆ చూపూ మరుగుపడి, ఇప్పుడు ఆ అక్షరం ఒంటరిగా 'జపాను' అనే అర్థమిచ్చే పొడిగుర్తయినది. 1903లో టోకియోలో స్థాపితమైన జపాను–భారత సంఘం జపాను పేరు 'నిచి-ఇన్' అని మొదలవుతుంది. అక్కడి నిచి సూర్యుడూ కాదు, దినమూ కాదు.

కాబట్టి కవిత్వం లిపిలోని బొమ్మలో లేదు. మరి ఎక్కడున్నది? వాడుకలో ఉన్నది.

వాడుకలో ఈ అక్షరం పనిచేసే తీరు చూడండి. మధ్యాహ్నం ఎదురుపడినవారు 'కొన్నిచి వా' అని పలకరించుకొంటారు. 'ఈనాడు అయితే' అని మాత్రమే దాని అర్థం. వాక్యం అక్కడ ఆగిపోతుంది. మిగతాది ఎదుటివాడు పూరించుకోవలె. ఆ 'ఈనాడు'నే సామాన్యంగా 'క్యో' అంటారు. వ్రాతలో రెండూ ఒకటే, రెండు అక్షరాలు. క్యోలో ఏ భాగం ఏ అక్షరానిదో విడదీయడానికి వీలులేదు. నెలలో మొదటి తేదీని 'త్సుయితచి' అంటారు. చంద్రుడు లేచుట అని దాని పూర్వార్థం. చాంద్రమానపు జ్ఞాపకం అది. అదే వ్రాతను 'ఇచినిచి' అని చదివితే 'ఒక దినం' అవుతుంది. ఏది ఎప్పుడో సందర్భమే చెప్పవలె. పట్టుదల లేనివానిని 'మిక్కబోజు' అంటారు. మూడునాళ్ళ సన్న్యాసి అన్నమాట. మన ఆరంభశూరుడు ఇతనికి జ్ఞాతి. దినచర్యకు 'నిక్కి' అని పేరు. చీనాభాషలో మగవారు వ్రాసుకొనే ఈ ప్రక్రియను సుమారు 935లో కి నో త్సురయుకి స్త్రీవ్యక్తి గొంతుతో దేశీయ లిపిలో వ్రాసి, 'తోసా నిక్కి' పేర సాహిత్యంలోకి మళ్ళించాడు. జపాను వచన చరిత్రలో అదొక మలుపు.

'రేపు' అనే మాటను ప్రత్యేకంగా పరిశీలించవలె. జపానులో దానిని 'వెలుగు', 'దినము' అనే రెండు అక్షరాలతో వ్రాసి 'అషిత' అని చదువుతారు. ఈ అషితకు ప్రాచీనార్థం ప్రాతఃకాలం. తెలుగులో 'రేపు' కూడా తెల్లవారుజామే. 'రేపకడ' అనే మాటలో ఆ అర్థం ఇప్పటికీ బ్రతికి ఉన్నది. పరస్పరం ఎరగని రెండు భాషలు మరునాటిని తెల్లవారుటగానే భావించాయి. ఆ మరునాటికి వారికి 'అసత్తె' అనే ఒక్క మాట ఉన్నది, మనకు 'ఎల్లుండి' ఉన్నది. నేటి ఇంగ్లీషు వాడుకలో దానికి ఒక్క మాట లేదు. నాలుగైదు మాటలు పేర్చవలె. ఇంగ్లీషుమీదుగా వచ్చిన అనువాదంలో 'రేపటి తరువాతి రోజు' అని పడినప్పుడు, ఇల్లు పక్కనే ఉండగా ఊరంతా తిరిగి వచ్చిన బాటసారి గుర్తుకు వస్తాడు.

అయితే పోలికలు చూచి పొంగిపోరాదు. భేదాలు అంతకంటె ముఖ్యం. మన అక్షరంతో మొదలయ్యే రెండు జంటపదాలున్నాయి: 'హినత', 'హికగె'. మొదటిది ఎండ తగిలే చోటు. రెండవది ఎండ తగలని చోటు, నీడ. వేసవిలో 'హిగస' అనే ఎండగొడుగు పట్టే జనానికి నీడ విలువ తెలియదనలేము. అయినా ఆ భాషలో గౌరవం హినతది. హికగె మనిషి అంటే సంఘంలో తలెత్తి తిరగలేనివాడు. మరుగుననున్న ప్రతిభ గుర్తింపు పొందితే 'ప్రొద్దు కన్ను చూచింది' అంటారు. ఇంటికి ఎండ తగలడం ఒక హక్కు. పొరుగువాడు మేడ కట్టి ఆ ఎండను ఆపితే నష్టపరిహారం ఇవ్వవలసి ఉంటుందని 1972లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుగుదేశంలో ఇది తలక్రిందులు. మనము ఎండను ఆపడానికి పందిరి వేస్తాము. 'నీడలేనివాడు' అంటే దిక్కులేనివాడు. పెద్దల నీడన బ్రతకడం భాగ్యం. కష్టాల పాలైనవాడు ఎండలో పడినవాడు. కాబట్టి జపాను నవలలో ఒక స్త్రీ హికగెలో బ్రతికిందని ఉంటే, 'నీడలో బ్రతికింది' అని తెనిగించిన అనువాదకుడు మాటకు మాట సరిగానే పెట్టి, ఆమె దుఃఖాన్ని సుఖంగా మార్చినవాడవుతాడు. నిఘంటువు అతనిని కాపాడదు. 'వెలుగు చూడని బ్రతుకు' అనవలె, లేదా సందర్భానికి తగిన మరొకటి అనవలె. ఒక్క అక్షరపు వాడుక తెలిసి ఉంటే ఈ జాగ్రత్త దానంతటదే కలుగుతుంది.

ఇక కవిత్వం. బషో 1689లో ఉత్తరదేశాలకు చేసిన ప్రయాణాన్ని వర్ణించిన గ్రంథం అతని మరణానంతరం 1702లో అచ్చయినది. దాని మొదటి వాక్యమే 'త్సుకిహి' అనే సమాసంతో ఆరంభమవుతుంది. త్సుకి అంటే చంద్రుడు, నెల కూడా. హి అంటే సూర్యుడు, దినం కూడా. కాలమే బాటసారి అని ఆ వాక్యం సారాంశం. ఆకాశంలో నడిచే చంద్రసూర్యులా ఆ బాటసారులు, గడిచిపోయే నెలలూ దినాలా? మూలంలో ఈ ప్రశ్నే పుట్టదు. ఇంగ్లీషువాడు ఒకటి ఎంచుకొని, రెండవదానిని విడవవలసి వస్తుంది.

ఆ గ్రంథంలోనే మొగామి నది సముద్రంలో కలిసే చోట చెప్పిన హైకూ ఒకటి ఉన్నది. వేడి 'హి'ని నది సముద్రంలో చేర్చిందన్నది భావం. నది చేర్చినది సముద్రంలోకి దిగే ఎర్రని సూర్యునినా, ఎండకాగిన దినాన్నంతటినీనా? వ్యాఖ్యాతలు రెండు వైపులా ఉన్నారు. సూర్యుడంటే దృశ్యం దొరుకుతుంది, కాని పగలంతా నడిచినవాని ఉపశమనం జారిపోతుంది. దినమంటే ఉపశమనం దక్కుతుంది, కాని సముద్రం అంచున దిగే బింబం పోతుంది. కవితలోని ప్రాణం ఈ రెండూ విడిపోకపోవడంలోనే ఉన్నది.

తెలుగువానికి ఇక్కడ ఇంగ్లీషుకు లేని సంపద ఉన్నది. అది 'ప్రొద్దు'. ప్రొద్దు పొడుస్తుంది, ఎక్కుతుంది, వాలుతుంది, గూకుతుంది, అప్పుడది సూర్యుడు. ప్రొద్దుపోతుంది, ప్రొద్దుపోదు, ముప్పొద్దుల తింటాము, ఒక్కపొద్దు ఉంటాము, అప్పుడది కాలం. అరవంలో 'పొళుదు' దీనికి తోబుట్టువు. మన అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు అనే మాటలలోనూ ఈ ప్రొద్దే ఒదిగి ఉన్నదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కాలాన్ని అడిగే ప్రతి తెలుగు ప్రశ్నలోనూ సూర్యుడున్నాడన్నమాట. మొగామి కవితను తెనిగించేవాడు 'వేడి ప్రొద్దు' అన్నాడంటే, ఏ వ్యాఖ్యాత పక్షమూ వహించకుండానే మూలంలోని జంటను నిలబెట్టగలడు. ఇంగ్లీషు ప్రతిని చూచి తెనిగించేవాడు, అందులో సూర్యుడని ఉంటే సూర్యుడని, దినమని ఉంటే రోజు అని వ్రాస్తాడు. మధ్యవర్తికి లేని మాట తనకున్నదని అతనికి తోచదు. నష్టపోయినది జపాను కవి ఒక్కడే కాదు. వాడకుండా మూలపడిన తెలుగు మాట కూడా.

ప్రొద్దుతో అన్నీ నెరవేరతాయని దీని అర్థం కాదు. జపాను అక్షరం మోసే తేదీని ప్రొద్దు మోయలేదు. అక్కడ నాడు, తేదీ, రోజు కావలె. అందులో రోజు పారసీకంనుంచి వచ్చి మనదైనది. వెచ్చదనం ప్రధానమైన చోట 'ఎండ' అనవలె. ఆ ఒక్క గుర్తుకు తెలుగులో సూర్యుడు, ప్రొద్దు, ఎండ, పగలు, దినము, నాడు, వారము, తేదీ, రోజు అని తొమ్మిది మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడ ఏది వాడవలెనో ఇంగ్లీషు చెప్పలేదు. మూలాక్షరం పక్కన ఏ అక్షరం కూర్చున్నదో చూచిన కన్నే చెప్పగలదు.

మనలో అందరమూ జపాను భాషలో పండితులం కావడం జరిగే పని కాదు. కావలసిన పనీ కాదు. ఇంగ్లీషుద్వారా వచ్చిన అనువాదాలను నిషేధించడమూ అవివేకం; అవే లేకపోతే బషో పేరే వినేవారం కాము. చేయదగినది మధ్యేమార్గం. అనువాదకుడు ఇంగ్లీషు ప్రతి పక్కన మూలాన్ని కూడా పెట్టుకోవలె. మొత్తం చదవలేకపోయినా, రచనలో మాటిమాటికీ వచ్చే పది పన్నెండు అక్షరాలను గుర్తుపట్టగలగవలె. సూర్యుడు, చంద్రుడు, నీరు, మనిషి, కొండ, చెట్టు వంటి మొదటి తరగతి అక్షరాలే అందుకు చాలు. హైకూలలో తరచుగా వచ్చేవీ ఇవే. ఇంగ్లీషు ప్రతులు రెండు ఒకచోట భేదిస్తే, మూలంలో ఆ చోట ఏ అక్షరమున్నదో చూడవలె. భేదం చాలాసార్లు అనువాదకుల అజ్ఞానంవల్ల గాక, అక్షరానికి ఉన్న రెండర్థాలవల్ల కలిగి ఉంటుంది. అటువంటి చోటనే తెలుగు తన సొంతమాటను వెదుక్కోవలె.

పూర్వం తిక్కన వంటివారు మూలం ఎదుట పెట్టుకొని తెనిగించారు. అందుకే వారి తెలుగు పెరిగింది. మూలం కంటబడని అనువాదం భాషకు కొత్త కథ ఇస్తుందేమో గాని కొత్త బలం ఇవ్వదు. నాలుగు గీతల అక్షరం ఒకటి నేర్చుకొంటే మరచిపోతున్న ప్రొద్దు మనకు తిరిగి దక్కుతున్నదంటే, ఆ శ్రమ జపాను కోసం పడినదిగా భావించనక్కరలేదు. తెలుగు కోసం పడినదే.